ఒడంబడిక మాట మీద నిలబడ్డ న్యాయవాది

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కెనడాకు చెందిన క్రీ జాతి నాయకుడు, న్యాయవాది విల్టన్ లిటిల్‌చైల్డ్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాము.

ప్రశ్న: 2022 జులైలో పోప్ ఫ్రాన్సిస్ కెనడాకు వెళ్లి ఆదివాసులకు క్షమాపణ చెప్పినప్పుడు, ఒక పెద్దాయన ఆయన తలమీద తెల్లటి ఈకల శిరోభూషణం పెట్టిన ఫొటో చూశాను. ఆ పెద్దాయన న్యాయవాది అనీ, ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల కోసం దశాబ్దాల పాటు పనిచేశారనీ తెలిసింది. ఆయన ఎవరు? ఈ పనిలోకి ఎలా వచ్చారు? (ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని)

జవాబు: మీరు చూసినది విల్టన్ లిటిల్‌చైల్డ్ గారి ఫొటో. ఆయన 1944లో అల్బర్టా ప్రావిన్సులో, ఎడ్మంటన్ నగరానికి దక్షిణాన ఉన్న మస్క్వచీస్‌లో పుట్టారు. క్రీ భాషలో ఆ మాటకు ఎలుగుబంటి కొండలు అని అర్థం. నాలుగు క్రీ సమాజాలు అక్కడ నివసిస్తున్నాయి. వాటిలో ఎర్మిన్‌స్కిన్ సమాజం ఆయనది. రైలుమార్గం వేసినవారు ఆ స్టేషనుకు హాబీమా అని ఒక డచ్ చిత్రకారుడి పేరు పెట్టారు, ఊరికీ అదే పేరు స్థిరపడింది. ఆ నేలతో ఏ సంబంధమూ లేని ఆ పేరు పోయి, 2014 జనవరి 1న సొంత పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. ఆయన జీవితం గురించి చెప్పబోయే ముందు ఊరి పేరు సంగతి ఎత్తడానికి కారణం ఉంది. పేరు పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆయనకు చిన్నతనంలోనే తెలిసింది.

అవ్వాతాతల పెంపకంలో క్రీ భాష మాట్లాడుతూ పెరుగుతున్న ఆ పిల్లవాణ్ణి 1951లో రెసిడెన్షియల్ స్కూలుకు తీసుకువెళ్లారు. ఈ మాట వినడానికి మామూలుగానే ఉంటుంది కానీ, కెనడాలో దాని అర్థం వేరు. ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, వారి భాషను, ఆచారాలను, విశ్వాసాలను మాన్పించడానికి ప్రభుత్వం డబ్బు పెట్టగా చర్చిలు నడిపిన బడులు అవి. 1920లో చట్టం చేసి హాజరును తప్పనిసరి చేశారు. 19వ శతాబ్ది చివరి నుంచి 1990ల దాకా సుమారు 1,50,000 మంది పిల్లలు వాటిలో పెరిగారు. సొంత భాషలో మాట్లాడితే దండన ఉండేది. చాలా బడుల్లో పిల్లలకు అంకెలు కేటాయించి, బట్టల మీద ఆ అంకెలే రాసేవారు. లిటిల్‌చైల్డ్‌కు వచ్చిన అంకె 65. బడిలో తనను పేరుతో కాకుండా ఆ అంకెతోనే పిలిచేవారని, దానికి తిట్టు కూడా జోడించేవారని ఆయన పెద్దయ్యాక చెప్పారు. ఇంటిదగ్గర ఆయనకు క్రీ భాషలో ‘నడిచే తోడేలు’ అనే అర్థం వచ్చే పేరు ఉంది. అటువంటి పేరున్న పిల్లవాడు 1964 దాకా అంకెల మధ్య బతికాడు.

ఆ బడిలో తనకు ఊపిరి పోసినది ఆటలేనని ఆయన చెప్పుకున్నారు. హాకీ ఆడారు, ఈత కొట్టారు. అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1967లో వ్యాయామ విద్యలో పట్టా పొంది, తరవాత అదే విషయంలో మాస్టర్స్ చేశారు. 1976లో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు. ఒడంబడికల, అంటే నేల గురించి బ్రిటిష్ రాణి ప్రతినిధులతో చేసుకున్న ఒప్పందాల, కిందికి వచ్చే ఆదివాసుల్లో ఆ విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్రంలో పట్టా పొందిన మొదటివారు ఆయనే. ఆయన సమాజం ఆయనను గౌరవ ఛీఫ్‌గా గుర్తించి శిరోభూషణం పెట్టింది. మరుసటి ఏడాదే ఆయన జెనీవాకు ప్రయాణమయ్యారు. ఆటల మీద ప్రేమ మాత్రం తగ్గలేదు. 1990లో ఎడ్మంటన్‌లో మొదలైన ఉత్తర అమెరికా ఆదివాసీ క్రీడలకు పునాది వేసినవారిలో ఆయన ఒకరు.

ప్రశ్న: సొంత దేశంలో కోర్టులూ పార్లమెంటూ ఉండగా జెనీవాకు వెళ్లవలసిన అవసరం ఏమిటి? అది తన దేశాన్ని పరాయి వేదిక మీద దోషిగా నిలబెట్టడం కాదా?

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు 1876 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది ఫోర్ట్ కార్ల్‌టన్, ఫోర్ట్ పిట్ అనే రెండు చోట్ల క్రీ పెద్దలకూ బ్రిటిష్ రాణి ప్రతినిధులకూ మధ్య ఆరో ఒడంబడిక కుదిరింది. మస్క్వచీస్ ప్రాంతపు క్రీలు 1877లో అందులో చేరారు. సుమారు 1,21,000 చదరపు మైళ్ల నేల ఆ కాగితంలో ఉంది. తమ పెద్దలు నేలను పంచుకోవడానికి ఒప్పుకున్నారని క్రీల మాట. నేలను శాశ్వతంగా వదులుకున్నారని ఇంగ్లీషు పాఠం చెబుతుంది. బదులుగా ఒక్కొక్కరికి ఏడాదికి 5 డాలర్లు ఇస్తామన్నారు. ఆ 5 డాలర్లు నేటికీ 5 డాలర్లుగానే ఉన్నాయి.

ఆ ఒడంబడికలో ఒక వాక్యాన్ని దగ్గరగా చూడండి. ప్రతి ఇండియన్ ఏజెంటు (అప్పట్లో ‘ఇండియన్లు’ అని పిలిచిన ఆదివాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) ఇంట్లోనూ ఒక మందుల పెట్టె ఉంచాలని అందులో రాశారు. మశూచి సోకి జనం రాలిపోయిన ఏళ్ల తరవాత, అడవిదున్నల మందలు కళ్లెదుటే తరిగిపోతున్న కాలంలో, క్రీ పెద్దలు పట్టుబట్టి సాధించిన వాక్యం అది. రోగం వస్తే రాణి చూసుకుంటుందని, అంటే వైద్యం ఒక హక్కని వారి అవగాహన. 1966లో సస్కాచివాన్ ప్రావిన్సు అప్పీలు కోర్టు దాన్ని సరిగ్గా అక్షరాలా చదివి, పెట్టె అంటే పెట్టే, అంతకు మించి ఉచిత వైద్యం అనే అర్థం రాదని తేల్చింది. ఒక జాతి తన ప్రాణరక్షణ కోసం చేయించుకున్న వాగ్దానం ఒక చెక్కపెట్టె పరిమాణానికి కుదించుకుపోయింది. న్యాయశాస్త్రం చదువుతున్న క్రీ యువకుడి మీద ఇటువంటి తీర్పుల ప్రభావం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఒప్పందంలోని ఒక పక్షమే చట్టం చేస్తూ, ఆ పక్షం నియమించిన న్యాయమూర్తులే అర్థం చెబుతూ ఉంటే, రెండో పక్షం తన మాటను ఎవరి ముందు చెప్పుకోవాలి?

పైగా దేశం లోపలి దారులు చాలాకాలం మూసే ఉన్నాయి. ఒడంబడిక జరిగిన 1876లోనే ఇండియన్ చట్టం వచ్చి, ఆదివాసులను ప్రభుత్వ సంరక్షణలోని మైనర్ల స్థాయికి దించింది. భూమి హక్కుల దావా కోసం చందాలు పోగుచేయడాన్ని 1927లో నేరంగా చేశారు. ఆ నిషేధం 1951 దాకా నడిచింది. ఆదివాసీ హోదాను వదులుకోకుండానే కేంద్ర ఎన్నికల్లో ఓటు వేసే హక్కు వారందరికీ 1960లో గానీ రాలేదు. అందుకే అంతర్జాతీయ వేదికకు వెళ్లాలనే ఆలోచన లిటిల్‌చైల్డ్ కంటే చాలా పాతది. హౌదెనొషౌనీ అనే ఆదివాసీ జాతుల కూటమికి చెందిన నాయకుడు డెస్కాహే 1923లో తన జాతి ఇచ్చిన పాస్‌పోర్టుతో జెనీవా చేరి, ఐక్యరాజ్యసమితికి ముందు ఉన్న నానాజాతి సమితి తలుపు తట్టారు. సమితి ఆయన మాట వినలేదు.

1977 సెప్టెంబరులో, అమెరికా ఖండాల్లో ఆదివాసుల పట్ల వివక్ష గురించి జెనీవాలో సమావేశం జరిగినప్పుడు వెళ్లిన ప్రతినిధుల్లో లిటిల్‌చైల్డ్ ఒకరు. ఈసారి తలుపు కొంచెం తెరుచుకుంది. 1982లో ఐక్యరాజ్యసమితి ఒక కార్యవర్గాన్ని ఏర్పాటు చేయడం, అది హక్కుల ప్రకటన ముసాయిదాను రాయడం మొదలుపెట్టడం ఆ సమావేశం తరవాతి పరిణామాలే. కాబట్టి మీరు అడిగినట్టు దేశాన్ని దోషిగా నిలబెట్టడం అనే మాట నాకు సరిగా తోచదు. ఒడంబడిక రెండు జాతుల మధ్య కుదిరిన ఒప్పందం గనుక దాని పరిశీలన కూడా జాతుల వేదిక మీదే జరగాలని ఆయన వాదించారు. రాణి మాటను ఆయన తోసిపుచ్చలేదు, ఆ మాటను నిలబెట్టమనే అడిగారు.

ప్రశ్న: ఆ హక్కుల ప్రకటన రాయడానికి పాతికేళ్లు పట్టిందని విన్నాను. కాగితం మీద నాలుగు మాటలు రాయడానికి అంత కాలం ఎందుకు?

జవాబు: ఆ మాటల మీదే అంతా ఆధారపడి ఉంది కనుక. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇంగ్లీషులో ‘పీపుల్’ అంటే జనం. చివర ‘ఎస్’ అనే అక్షరం చేరిస్తే ‘పీపుల్స్’, అంటే జాతులు. 1966 నాటి రెండు అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికల మొదటి అధికరణమే, సకల జాతులకూ స్వయం నిర్ణయాధికారం ఉందని చెబుతుంది. ఆదివాసులు జనం మాత్రమే అయితే వారికి వ్యక్తులుగా హక్కులు ఉంటాయి. వారు జాతులు అయితే తమ నేల గురించీ, పాలన గురించీ తామే నిర్ణయించుకునే హక్కు వస్తుంది. ఆ ఒక్క అక్షరాన్ని ఒప్పుకోవడానికి చాలా ప్రభుత్వాలు ఏళ్ల తరబడి నిరాకరించాయి. 1989లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందం ఆ మాటను వాడింది గానీ, దాని వల్ల అంతర్జాతీయ న్యాయంలో ఎటువంటి హక్కులూ సంక్రమించవని వెంటనే ఒక షరతు పెట్టింది. 1993ను ఆదివాసుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించినప్పుడు ‘ఎస్’ లేదు. 2000లో ఐక్యరాజ్యసమితి శాశ్వత వేదికను ఏర్పాటు చేసినప్పుడు కూడా, పేరులో ‘ఆదివాసీ జాతులు’ అనకుండా ‘ఆదివాసీ అంశాలు’ అన్నారు.

ఆ శాశ్వత వేదికలో 16 మంది సభ్యులు ఉంటారు. 8 మందిని ప్రభుత్వాలు, 8 మందిని ఆదివాసీ సంఘాలు సూచిస్తాయి. 2002లో అది మొదటిసారి సమావేశమైనప్పుడు ఉత్తర అమెరికా ఆదివాసుల తరఫున కూర్చున్నది లిటిల్‌చైల్డ్. ముసాయిదా మీద ఏటా జరిగిన బేరసారాల్లో ఆయన పట్టుదల అంతా ఒడంబడికల మీదే. ఈ పోరాటంలో ఎందరో దేశదేశాల ఆదివాసీ నాయకులు ఉన్నారు, ఘనతను ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. కానీ రాజ్యాలు ఆదివాసీ జాతులతో చేసుకున్న ఒడంబడికలను గుర్తించి, పాటించి, అమలు చేయాలని చెప్పే 37వ అధికరణం చదువుతుంటే నాకు ఆరో ఒడంబడిక ప్రాంతపు పెద్దల గొంతు వినిపిస్తుంది.

2006 నవంబరులో రెండు సంఘటనలు ఒకే నెలలో జరిగాయి. ఒడంబడికల అమలు గురించి ఐక్యరాజ్యసమితి నిపుణుల సదస్సు జెనీవాలో కాకుండా మస్క్వచీస్‌లోనే జరిగింది. అదే నెలలో న్యూయార్కులో, హక్కుల ప్రకటన మీద ఓటింగును వాయిదా వేశారు. అప్పటికే ఆ ఏడాది జూన్‌లో మానవ హక్కుల మండలిలో ప్రకటనకు వ్యతిరేకంగా ఓటు వేసిన రెండు దేశాల్లో ఒకటి కెనడా, రెండోది రష్యా. చివరికి 2007 సెప్టెంబరు 13న సర్వప్రతినిధి సభలో 144 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 11 తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవి నాలుగే: కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలండ్. 46 అధికరణాల ఆ ప్రకటన శీర్షికలోనే ‘ఎస్’ ఉంది. లిటిల్‌చైల్డ్ జెనీవాకు మొదటిసారి వెళ్లి అప్పటికి 30 ఏళ్లు.

ప్రశ్న: ఆయన ఎంపీగా కూడా పనిచేశారట. పార్లమెంటులో ఏం సాధించారు?

జవాబు: ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ తరఫున 1988లో అల్బర్టా నుంచి గెలిచి 1993 దాకా ఎంపీగా ఉన్నారు. ఒడంబడికల కిందికి వచ్చే ఆదివాసుల్లో కెనడా పార్లమెంటుకు ఎన్నికైన మొదటివారు ఆయనే. ఆ ఐదేళ్లు ఆదివాసీ రాజకీయాలకు కల్లోల కాలం. మానిటోబా శాసనసభలో ఆదివాసీ సభ్యుడు ఎలైజా హార్పర్ గద్ద ఈక చేత్తో పట్టుకుని, ఆదివాసులను విస్మరించిన రాజ్యాంగ సవరణను అడ్డుకున్నది 1990లోనే. అదే వేసవిలో క్వెబెక్‌లోని ఓకా దగ్గర, గోల్ఫ్ మైదానాన్ని తమ శ్మశానం దాకా విస్తరించబోతే అక్కడి ఆదివాసులైన మోహాక్‌లు దారులు మూసేశారు, సైన్యం వచ్చింది. ఆదివాసుల స్వపాలన హక్కును రాజ్యాంగంలో చేర్చాలన్న ప్రతిపాదన 1992 ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోయింది. పార్టీ క్రమశిక్షణ మధ్య ఒక్క ఎంపీకి ఎంత చోటు ఉంటుందో అంతే ఆయనకూ దొరికింది. ఆయన చేసిన పనిలో పార్లమెంటు వాటా చిన్నదనే నా అభిప్రాయం.

ప్రశ్న: ఆయన సభ్యులుగా ఉన్న సత్య, సయోధ్య కమిషన్‌కు ఎవరినీ శిక్షించే అధికారం లేదు. అటువంటి కమిషన్ వల్ల బాధితులకు ఏం ఒరిగింది?

జవాబు: కమిషన్ పుట్టుకను ముందు చెప్పాలి. రెసిడెన్షియల్ స్కూళ్లలో పెరిగినవారు ప్రభుత్వం మీదా చర్చిల మీదా వేల సంఖ్యలో దావాలు వేశారు. ఆ ఒత్తిడి ఫలితంగా కుదిరిన పరిష్కార ఒప్పందం 2007లో అమలులోకి వచ్చింది. బడిలో గడిపిన మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆ తరవాత ప్రతి ఏడాదికీ 3,000 డాలర్లు పరిహారంగా నిర్ణయించారు. అంతటితో ఆగకుండా, జరిగినది దేశానికంతా తెలియాలని బాధితులే పట్టుబట్టడం వల్ల కమిషన్ వచ్చింది. ఈ సంగతి ముఖ్యం. కమిషన్ ఖర్చు కూడా ఆ పరిష్కార ఒప్పందంలోని భాగమే. ప్రభుత్వం తనంతట తానుగా ఇచ్చిన కానుక కాదది.

మొదట నియమించిన ముగ్గురూ తప్పుకోవడంతో 2009లో కొత్తగా మరో ముగ్గురిని నియమించారు: అధ్యక్షుడిగా న్యాయమూర్తి మరే సింక్లెయిర్, సభ్యులుగా పాత్రికేయురాలు మేరీ విల్సన్, విల్టన్ లిటిల్‌చైల్డ్. ముగ్గురిలో స్వయంగా ఆ బడిలో పెరిగినవారు లిటిల్‌చైల్డ్ ఒక్కరే. ఎదుట కూర్చున్న మనిషి చెబుతున్న ప్రతి మాటకూ తన లోపల ఒక జ్ఞాపకం కదులుతూ ఉండగా, ఆరేళ్ల పాటు ఊరూరా తిరిగి వినడం ఎంతటి భారమో ఆలోచించండి. కమిషన్ 6,500 మందికి పైగా బాధితుల, సాక్షుల మాటలు నమోదు చేసింది. ఏడు జాతీయ సభలు జరిపింది. చివరిది 2014 మార్చిలో ఎడ్మంటన్‌లో, అంటే ఆయన సొంత ఊరికి చేరువలో.

ఆ సభల్లో పాటించిన ఒక పద్ధతి గురించి చెబుతాను. వాంగ్మూలం ఇస్తున్నవారి పక్కన, వింటున్నవారి పక్కన సహాయకులు కాగితపు రుమాళ్ల పెట్టెలతో నిలబడేవారు. కన్నీళ్లు తుడుచుకున్న ఆ రుమాళ్లను చెత్తబుట్టలో వేయనిచ్చేవారు కాదు. కాగితపు సంచుల్లో పోగుచేసి, బయట వెలిగించి ఉంచిన పవిత్రాగ్నిలో వేసేవారు. కన్నీరు పవిత్రమైనదని, దాన్ని అగ్నికి అర్పించాలని ఆ పద్ధతిలోని భావం. బడిలో ఏడ్చినందుకు దెబ్బలు తిన్న పిల్లలు, ముసలివారై వచ్చి ఏడ్చినప్పుడు ఆ కన్నీటికి అంతటి మర్యాద దక్కింది. మీరు అడిగిన ‘ఏం ఒరిగింది’ అనే ప్రశ్నకు జవాబులో ఇది కూడా ఒక భాగమని నేను నమ్ముతాను.

అధికారాల విషయంలో మీ మాట నిజం. సాక్షులను బలవంతంగా పిలిపించే అధికారం కమిషన్‌కు లేదు. అప్పటికే కోర్టులో రుజువైతే తప్ప నేరస్తుల పేర్లు చెప్పకూడదు. ప్రభుత్వ దస్తావేజులు చేతికి రావడానికే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. జాతీయ గ్రంథాలయ, పురాలేఖ సంస్థలోని సంబంధిత పత్రాలను కూడా ఇవ్వాలని 2013 జనవరిలో అంటారియో కోర్టు తీర్పు చెప్పాక గానీ దారి తెరుచుకోలేదు. ఇన్ని పరిమితుల మధ్య, బడుల్లో చనిపోయిన సుమారు 3,200 మంది పిల్లల మరణాలను కమిషన్ నమోదు చేసింది. వారిలో మూడో వంతు మందికి పేరు కూడా రాసి ఉంచలేదు. దొరకని దస్తావేజులు ఇంకా ఉన్నందున అసలు సంఖ్య దీనికంటే ఎక్కువేనని నివేదికే చెప్పింది. 2015లో ఇచ్చిన ఆ నివేదిక, జరిగినదాన్ని సాంస్కృతిక జాతిహననం అని పేర్కొంది. దానితో పాటు వచ్చిన 94 పిలుపుల్లో, అంటే చేయవలసిన పనుల గురించిన సిఫారసుల్లో, 43వది, ఐక్యరాజ్యసమితి ప్రకటనను కెనడా ప్రభుత్వాలన్నీ పూర్తిగా స్వీకరించి, సయోధ్యకు దాన్నే చట్రంగా వాడుకోవాలని కోరింది. లిటిల్‌చైల్డ్ అప్పటికే జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల నిపుణుల యంత్రాంగంలోనూ సభ్యుడు, కొంతకాలం దానికి అధ్యక్షుడు. జెనీవాలో రాసిన ప్రకటనా, మస్క్వచీస్ బడి గదుల్లోని జ్ఞాపకమూ ఆ ఒక్క పిలుపులో కలిశాయి.

ప్రశ్న: వీరిని ఏమని పిలవాలి? చిన్నప్పుడు పుస్తకాల్లో ‘రెడ్ ఇండియన్లు’ అని చదువుకున్నాము.

జవాబు: ఆ మాటను ఇక వదిలేయాలి. ఒంటి రంగును బట్టి పెట్టిన పేరు అది, అవమానకరం. ‘ఇండియన్’ అనేది కెనడాలో ఇండియన్ చట్టం వంటి చట్టాల పేర్లలోనూ, ఒడంబడికల పాఠాల్లోనూ మిగిలి ఉంది కాబట్టి ఆ సందర్భంలో వాడక తప్పదు. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ అని మూడు సముదాయాలను అక్కడి వాడుక గుర్తిస్తుంది. అన్నింటికంటే మంచిది ఆ జాతి పేరే చెప్పడం: క్రీ, మోహాక్, డెనే.

ప్రశ్న: పోప్ తలమీద శిరోభూషణం పెట్టడాన్ని ఆదివాసుల్లోనే కొందరు తప్పుపట్టారని విన్నాను. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: మీరు విన్నది నిజమే. శిరోభూషణం జీవితకాలపు సేవతో సంపాదించుకోవలసిన గౌరవమని, అప్పుడే క్షమాపణ చెప్పిన వ్యక్తికి దాన్ని పెట్టడం తొందరపాటని కొందరు బాధితులు నొచ్చుకున్నారు. కమిషన్‌లో లిటిల్‌చైల్డ్ సహచరుడైన సింక్లెయిర్ కూడా ఆ క్షమాపణలో లోటును బాహాటంగా ఎత్తి చూపారు: కొందరు క్రైస్తవులు చేసిన తప్పుల గురించి పోప్ మాట్లాడారే గానీ, సంస్థగా చర్చి నిర్వహించిన పాత్రను ఒప్పుకోలేదని ఆయన అన్నారు. ఒకే కమిషన్‌లో ఆరేళ్లు పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పెద్దలు ఒకే క్షమాపణను వేరువేరు విధాలుగా స్వీకరించారు.

ఆ రోజు మస్క్వచీస్‌లో జరిగిన సభలో ఇంకొక దృశ్యం ఉంది. చనిపోయిన 4,120 మంది పిల్లల పేర్లు రాసిన పొడవాటి ఎర్రని గుడ్డను జనం మధ్య నుంచి తీసుకువచ్చారు. పోప్ దాన్ని ముద్దుపెట్టుకున్నారు. లిటిల్‌చైల్డ్ పెరిగిన ఎర్మిన్‌స్కిన్ బడి ఆ చుట్టుపక్కలే ఉండేది. పోప్ కెనడా గడ్డ మీదికి వచ్చి క్షమాపణ చెప్పాలని అడిగిన 58వ పిలుపును రాసిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ పిలుపు ఏడాది గడువు పెట్టింది, క్షమాపణ రావడానికి ఏడేళ్లు పట్టింది. నడిచి వచ్చి మాట చెల్లించినవారికి తన జాతి ఆచారం ప్రకారం గౌరవం చేయడం ఆయన దృష్టిలో ధర్మం. ఒడంబడికలో తమ పెద్దలు ఎదుటిపక్షాన్ని గౌరవించి మాట ఇచ్చిన తీరు కూడా అటువంటిదే. ఆ గౌరవాన్ని నేను తప్పుపట్టలేను. అయితే ఆ ఫొటో చూసి కడుపు మండిన బాధితుల్ని తప్పుపట్టే హక్కు కూడా నాకు గానీ మరెవరికి గానీ లేదు. క్షమించడం, క్షమించకపోవడం ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం.

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి ప్రకటనకు చట్టబద్ధత లేదని మా అధ్యాపకులు చెప్పారు. అలాగైతే లిటిల్‌చైల్డ్ వంటివారి శ్రమ నిలిచేది ఎక్కడ?

జవాబు: సర్వప్రతినిధి సభ ప్రకటన దానంతట అది ఏ దేశాన్నీ చట్టరీత్యా కట్టివేయదు. మీ అధ్యాపకులు చెప్పినది సరైనదే. కానీ ఒక ప్రకటన దేశీయ చట్టంలోకి ఎలా దిగుతుందో చూడాలంటే కెనడాను మించిన ఉదాహరణ దొరకదు. వ్యతిరేకంగా ఓటు వేసిన ఆ దేశం 2010లో షరతులతో మద్దతు తెలిపింది, 2016లో షరతులు తొలగించింది. 2019లో బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు తన చట్టాలను ప్రకటనకు అనుగుణంగా మార్చుకుంటానని చట్టం చేసింది. 2021 జూన్‌లో కేంద్ర పార్లమెంటు అటువంటి చట్టమే చేసింది. ఈ చట్టాలు వచ్చాక కూడా ఆదివాసీ నేలల మీద గనులు, గొట్టపు మార్గాల వివాదాలు ఆగలేదు. ప్రకటన ప్రకారం ఆదివాసుల నుంచి స్వేచ్ఛగా, ముందుగా, అన్నీ తెలిపి తీసుకోవలసిన సమ్మతికి వీటో అనే అర్థం ఉందా లేదా అనే వాదన నడుస్తూనే ఉంది. అమలులో వెలితి చాలా ఉంది, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అయినా ఒక తీర్పును మీరు తప్పక చదవాలి. ఆదివాసీ పిల్లల సంరక్షణ గురించి చట్టం చేసుకునే అధికారం ఆదివాసీ సమాజాలకే ఉందని గుర్తిస్తూ 2019లో కేంద్రం ఒక చట్టం చేసింది. అటువంటి చట్టం కావాలన్నది కూడా కమిషన్ పిలుపుల్లో నాలుగోది. దాని అవసరం ఎంతటిదో 2021 జనాభా లెక్కలు చెబుతాయి: 14 ఏళ్ల లోపు పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతమే అయినా, పెంపుడు సంరక్షణలో ఉన్నవారిలో 53.8 శాతం వారే. బడులు మూతపడ్డాక కూడా పిల్లలను ఇంటి నుంచి తీసుకుపోవడం ఆగలేదన్న మాట. ఆ చట్టాన్ని క్వెబెక్ ప్రభుత్వం సవాలు చేయగా, 2024 ఫిబ్రవరి 9న కెనడా సుప్రీం కోర్టు దాన్ని పూర్తిగా సమర్థించింది. 2021 చట్టం ద్వారా ఐక్యరాజ్యసమితి ప్రకటన దేశ చట్టంలో భాగమైందని ఆ తీర్పులోనే రాసింది.

అల్బర్టా పక్క ప్రావిన్సు సస్కాచివాన్‌లో కౌవెసెస్ ఫస్ట్ నేషన్ అనే సమాజం ఉంది. పాత రెసిడెన్షియల్ స్కూలు పక్కన గుర్తులేని 751 సమాధులను రాడార్‌తో కనుగొన్నామని 2021 జూన్‌లో ప్రకటించింది ఆ సమాజమే. రెండు వారాలు తిరగకముందే, జులై 6న, ప్రధానమంత్రి, ప్రావిన్సు ముఖ్యమంత్రి ఆ నేల మీదికే వచ్చి, పిల్లల సంరక్షణ అధికారాన్ని ఆ సమాజానికి అప్పగించే ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2019 చట్టం కింద కుదిరిన మొదటి ఒప్పందం అది. ఆ సమాజం రాసుకున్న చట్టానికి పెట్టుకున్న పేరు కూడా వారి సొంత భాషలోదే: ‘మియో పిమాతిసొవిన్’. మంచి బతుకు అని దాని భావం.